మాత్ర వేసుకునేది తనే కదా!



ప్రతి నెలా నా పేరు మీకు ఈ పత్రిక ఇంగ్లీషు పేజీల్లో కనిపిస్తుంది. స్పెల్ బీ ఫలితాలు, రీడింగ్ క్లబ్ కబుర్లు, అలాంటివి. ఈసారి మాత్రం తెలుగు పేజీ అడిగి తీసుకున్నాను. మీతో పాటు మీ ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఇది చదవాలని నా కోరిక. నవంబర్ 17న మన దేశంలో జాతీయ మూర్ఛ దినం జరుపుతారు. ఈ నెలే రాయడానికి అదొక కారణం. అసలు కారణం మాత్రం ఒక జామెట్రీ బాక్స్.

జూలైలో ఒక రోజు క్లాసులో గ్రామర్ వర్క్‌షీట్ చేయిస్తున్నాను. నా స్కేలు స్టాఫ్ రూమ్‌లో మర్చిపోయి, ముందు బెంచీలో ఉన్న పాపను అడిగాను. తను జామెట్రీ బాక్స్ తెరిచింది. కాంపస్ కింద, ప్రొట్రాక్టర్ పక్కన తెల్ల మాత్రలు, పది పన్నెండు దాకా ఉన్నాయి. "ఏంటమ్మా ఇవి?" అన్నాను. గభాల్న మూత వేసేసింది. "ఏం లేదు మిస్."

లంచ్ అయ్యాక వేసుకోమని వాళ్లమ్మగారు రోజూ టిఫిన్ బాక్స్‌లో పెట్టి పంపిస్తున్న మాత్రలవి. పాపకు మూడేళ్లుగా ఫిట్స్ ఉన్నాయి. ఆ సంగతి స్కూల్లో ఎవరికీ తెలియదు. ఏ బ్రాంచో, ఏ తరగతో రాయను. ఈ వ్యాసం పాపకూ, వాళ్ల అమ్మానాన్నలకూ ముందే చదివి వినిపించాను. వాళ్లు సరేనన్నాకే ఎడిటర్ గారికి ఇచ్చాను.

ఆ మాత్రలు చూసి నేను తనను కోప్పడలేకపోయాను. ఎందుకంటే నాకూ మూర్ఛ ఉంది. ఉద్యోగంలో చేరిన రోజే ప్రిన్సిపల్ గారికి చెప్పాను. మీకు చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

మాది తెనాలి. ఇంటర్ మొదటి సంవత్సరం విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. రాత్రి పదకొండింటి దాకా స్టడీ అవర్, పొద్దున అయిదింటికి బెల్లు. కొన్నాళ్లకు ఒక వింత మొదలైంది. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే చేయి ఉలిక్కిపడి బ్రష్ ఎగిరి పడేది. పాల గ్లాసు ఒలికిపోయేది. గంట గడిస్తే అంతా మామూలే. రూమ్మేట్లు నవ్వేవాళ్లు. వార్డెన్ మేడమ్ "ముందు నిద్రమత్తు వదిలించుకో" అనేవారు. నేనూ అదే అనుకున్నాను.

ప్రీ ఫైనల్ పరీక్షల ముందు రెండు రాత్రులు మూడేసి గంటలే పడుకున్నాను. మూడో రోజు పొద్దున కుళాయి దగ్గర పడిపోయాను. లేచేసరికి నా గుప్పిట్లో ఎవరిదో తాళాల గుత్తి ఉంది. నాలుక కొరుక్కుని నోరంతా రక్తం.

నాన్న పరుగున వచ్చి ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు గారు నాన్నను అడిగారు: ఎప్పుడు పడింది? ఎంతసేపు? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? నేను పడిపోవడం నాన్న చూడలేదు. అయినా వార్డెన్ మేడమ్ ఫోన్‌లో చెప్పింది గుర్తు చేసుకుని జవాబులు చెప్పారు. పక్కన స్టూల్ మీద కూర్చున్న నేను, "సార్, పొద్దున్నే చేతులు..." అని మొదలుపెట్టాను. "నువ్వుండమ్మా, డాక్టరు గారు మాట్లాడుతున్నారు కదా" అన్నారు నాన్న. కసిరి కాదు, ప్రేమగానే అన్నారు. నేను ఊరుకున్నాను.

కార్బమజెపిన్ అనే మందు రాశారు. ఎంతోమందికి బాగా పనిచేసే మందు అది. నాకు మాత్రం చేతులు అదరడం ఇంకా ఎక్కువైంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో "ఫిట్స్" అనే మాటే పలికేవాళ్లం కాదు. "ఒంట్లో బాగోనప్పుడు" అనేవాళ్లం. పేరే పలకని జబ్బు గురించి ఏమని చెప్పాలి? ఎనిమిది నెలల్లో ఇంకో రెండుసార్లు పడిపోయాను. ప్రతిసారీ డోసు పెరిగింది. అమ్మమ్మ తాయెత్తు కట్టించింది.

చివరికి గుంటూరులో ఇంకొక డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఫైలు పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "పొద్దున లేచిన కాసేపటికి నీ చేతులు ఉలిక్కిపడతాయా? చేతిలో వస్తువులు ఎగిరి పడతాయా?" అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. నాన్న నా మొహంలోకి చూస్తూ ఉండిపోయారు.

ఈఈజీ తీశారు. నాకున్నది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని చెప్పారు. మూర్ఛ అంటే ఒక్కటే జబ్బు కాదు, చాలా రకాలున్నాయి. ఈ రకం ఎక్కువగా పన్నెండు, పద్దెనిమిదేళ్ల మధ్య బయటపడుతుంది. నిద్ర లేచాక చేతులు అదరడం దీని ముఖ్యమైన గుర్తు. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. కార్బమజెపిన్ ఈ రకంలో కొందరికి అదురును ఎక్కువ చేస్తుంది కూడా. మందు మార్చి సోడియం వాల్‌ప్రోయేట్ ఇచ్చారు. నిద్ర తగ్గకూడదని నాతో, నాన్నతో గట్టిగా చెప్పారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నాకు ఒక్క ఫిట్ కూడా రాలేదు.

మొదటి డాక్టరు గారి మీద నాకిప్పుడు కోపం లేదు. బయట క్యూ చాంతాడంత ఉంది, ఆయనకు దొరికింది అయిదు నిమిషాలు. కానీ ఆ అయిదు నిమిషాల్లో ఆయనకు కావలసిన సంగతి ఆ గదిలోనే, స్టూల్ మీద కూర్చుని ఉంది. నాన్నకు తెలియని సంగతి, స్కానింగ్‌లో కనపడని సంగతి, నా ఒక్కదానికే తెలిసిన సంగతి. అది నా నోట్లోనే ఉండిపోయినందుకు నా చదువులో ఎనిమిది నెలలు పోయాయి.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరిగ్గా గుర్తించి, సరైన మందు వాడితే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని కూడా చెబుతోంది. ఆ "సరిగ్గా", "సరైన" అనే రెండు మాటల్లో పేషెంటు చెప్పే మాట కూడా ఉందని నా అనుభవం.

ఇక రెండేళ్ల కిందటి మాట. నాకప్పుడు 26. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మామూలు చెకప్‌కి వెళితే డాక్టరు గారే అడిగారు, "పెళ్లి ఆలోచన ఉందా?" అని. తర్వాత కాగితం తీసుకుని మూడు గళ్లు గీశారు.

మొదటి గడిలో, ఇప్పుడున్న వాల్‌ప్రోయేటే కొనసాగించడం. ఫిట్స్ ఆపడంలో నాకు దాన్ని మించింది లేదు. కానీ గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడితే, పుట్టే ప్రతి వందమంది పిల్లల్లో సుమారు పదిమందికి పుట్టుకతో లోపాలు వచ్చే అవకాశం ఉంది. ముప్పై నుంచి నలభై మందికి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు రావచ్చు. అందుకే పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఈ మందు రాయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. రెండో గడిలో లెవెటిరాసెటమ్. ఆ ముప్పు చాలా తక్కువ, కానీ కొందరికి చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. మూడో గడిలో లామోట్రిజిన్. అదీ గర్భానికి మెరుగైనదే. కానీ ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రాకుండా వారాల తరబడి మెల్లగా డోసు పెంచాలి, నా రకంలో కొందరికి చేతుల అదురు ఎక్కువ కావచ్చు. పైగా కొత్త మందు ఏదైనా, పాతది ఆపినంత గట్టిగా ఫిట్స్‌ని ఆపుతుందన్న హామీ లేదు.

"మీరే చెప్పండి డాక్టరు గారూ, మాకేం తెలుసు?" అంది అమ్మ.

"మందుల సంగతి నేను చెబుతానమ్మా. తన పని, తన నిద్ర, తన భయాలు, తనకేం కావాలో తనే చెప్పాలి" అన్నారు ఆవిడ. తర్వాత నాతో, "తొందర లేదు, రెండు వారాలు ఆలోచించుకుని రా. ఈలోగా ఏ మాత్రా సొంతంగా ఆపకు" అన్నారు.

తొమ్మిదేళ్లుగా నేను మాత్ర వేసుకుంటున్నాను కానీ, దాని గురించి నిర్ణయం నన్ను అడగడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే భయమేసింది. ఎవరో ఒకరు చెప్పేస్తే బావుండుననిపించింది. తేడా వస్తే వాళ్లను అనుకోవచ్చు కదా! రెండు వారాలు నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చున్నాను. నా అన్నింటికంటే పెద్ద భయం ఏమిటో అప్పుడు తెలిసింది: పిల్లల ముందు క్లాసులో పడిపోవడం. అందుకని లెవెటిరాసెటమ్‌కి మారతాను, కానీ ఆ మార్పు ఏప్రిల్ చివర మొదలుపెడదాం, ఎండాకాలం సెలవుల్లో ఇంటిపట్టున ఉంటాను అన్నాను. డాక్టరు గారు క్యాలెండర్ చూసి సరేనన్నారు. సెలవులు ఎప్పుడన్నది ఏ వైద్య పుస్తకంలోనూ ఉండదు కదండీ.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. జూన్‌లో రెండు పొద్దుటి పూటలు చేయి అదిరి మార్కర్ జారిపడింది. ఆ తర్వాత కోపం మొదలైంది. హోంవర్క్ మర్చిపోయిన ఒక బాబు మీద క్లాసంతా ఉలిక్కిపడేలా అరిచాను. ఆ రోజుల్లో మీ పిల్లలెవరైనా ఇంటికొచ్చి "మిస్ ఊరికే కసురుతోంది" అని చెప్పి ఉంటే, వాళ్లు చెప్పింది నిజమే. మర్నాడు ఆ బాబుకి క్లాసులో అందరి ముందూ సారీ చెప్పాను. సాయంత్రం డాక్టరు గారికి ఫోన్ చేశాను. మునుపటి నేనైతే దాచేదాన్నేమో. కానీ మందు నేను ఎంచుకున్నదే కాబట్టి, దాని మంచిచెడ్డలు చెప్పాల్సిన బాధ్యతా నాదే అనిపించింది. డోసు కొంచెం తగ్గించి చూశారు. నెలరోజుల్లో మనసు కుదుటపడింది. ఇప్పటిదాకా ఫిట్ రాలేదు.

ఒక సంబంధం వాళ్లకు నేనే ముందుగా ఈ సంగతి చెప్పాను. తర్వాత వాళ్లు ఫోన్ చేయలేదు. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లి చెల్లదనే నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. పెళ్లిచూపుల గదుల దాకా ఆ మార్పు ఇంకా రాలేదు. అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దాచి పెళ్లి చేసుకుని, దొంగచాటుగా మాత్రలు మింగడం కంటే ఇదే నయమని నేనే తనకు సర్దిచెప్పాను.

ఇంతకీ మన పాప సంగతి. మర్నాడు లంచ్‌లో పక్కన కూర్చుని, నా బ్యాగులోంచి నా మాత్రల పెట్టె తీసి చూపించాను. "మీకు కూడానా మిస్?" అంది. ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పింది. మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే లెక్కల పీరియడ్‌లో కళ్లు మూతలు పడుతున్నాయి. సార్ నిలబెడుతున్నారు. ఫ్రెండ్స్ "ఏం టాబ్లెట్?" అని అడుగుతున్నారు. అందుకని స్కూలు తెరిచినప్పటి నుంచి చాలా రోజులు వేసుకోవడం లేదు. ఈలోగా ఇంట్లో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మందు చాలడం లేదనుకుని డోసు పెంచమని అడగడానికి వాళ్లు వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. లెక్కల్లో మార్కులు తగ్గాయని ట్యూషన్ కూడా పెట్టించారు.

చూడండి, ఎవరూ తప్పు చేయలేదు. అమ్మ వేళకు మాత్ర పంపింది. డాక్టరు తనకు చెప్పినదాన్ని బట్టి ఆలోచిస్తున్నారు. సార్ నిద్రపోతున్న పిల్లను లేపారు. కానీ అసలు సంగతి జామెట్రీ బాక్స్‌లో ఉండిపోయింది.

ఇది దాచే విషయం కాదని, మందు మానేస్తే ప్రమాదమని తనకు చెప్పాను. "నువ్వు చెబుతావా, నన్ను పక్కన ఉండమంటావా?" అన్నాను. ఆ సాయంత్రం నేను పక్కన ఉండగా తనే వాళ్లమ్మగారికి చెప్పింది. "ఇన్నాళ్లూ అబద్ధం చెప్పిందా మేడమ్?" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "వేసుకున్నావా అని అడిగాం కానీ, వేసుకుంటే ఎలా ఉంటోందని అడగలేదండీ" అన్నాను. అలా అన్నందుకు ఆవిడ నన్ను ఏమీ అనుకోలేదు. అది ఆవిడ మంచితనం.

డాక్టరు దగ్గరికి పాప ఒక కాగితం రాసుకుని వెళ్లింది. అందులో మూడే లైన్లు. మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే నిద్రొస్తుంది. జూన్ నుంచి చాలా రోజులు వేసుకోలేదు, సారీ. స్కూల్లో మాత్ర లేకుండా కుదురుతుందా? డాక్టరు గారు డోసు పెంచలేదు. అదే మందులో మెల్లగా కరిగే రకం మాత్ర రాసి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చాలన్నారు. ఇది రాసే రోజుకి మూడు నెలలు దాటింది, ఫిట్స్ రాలేదు. ఇకముందు కూడా రావని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ ఇప్పుడు మాత్రలన్నీ వెళ్లాల్సిన చోటికే వెళుతున్నాయి.

ఏడెనిమిది తరగతుల పిల్లలు మందులు నిర్ణయిస్తారా అని మీరు అడగవచ్చు. నిర్ణయించరు. ఆ బాధ్యత మీది, డాక్టరు గారిది. కానీ తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని, వాళ్ల వయసుకీ అవగాహనకీ తగ్గ విలువ ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణం చెబుతుంది. మన దేశం 1992లో దానికి అంగీకారం తెలిపింది. ఇక పెద్దవాళ్ల విషయంలో 2008లో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తెలివిగా నిర్ణయం తీసుకోగల పెద్ద మనిషి విషయంలో, అత్యవసరం కానప్పుడు, తల్లి ఇచ్చిన అనుమతి ఆ మనిషి అనుమతికి బదులు కాదు. ఈ రోజు మన క్లాసులో ఉన్న పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండిన మర్నాడే ఆ ధైర్యం దానంతటదే రాదు. ఇప్పటి నుంచి కొంచెం కొంచెం నేర్పాలి.

మూర్ఛే కానక్కర్లేదు. తరచూ వచ్చే మైగ్రేన్ కావచ్చు, ఆస్తమా కావచ్చు, షుగర్ కావచ్చు. ఏళ్ల తరబడి మందు వాడే పిల్లలున్న ఇళ్లకు నా విన్నపాలివి:

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి, పాపనో బాబునో కూర్చోబెట్టి "రేపు నువ్వేం అడగాలనుకుంటున్నావు?" అని అడగండి. ఏ భాషలో చెబితే ఆ భాషలో కాగితం మీద రాయనివ్వండి. స్పెల్లింగులు దిద్దకండి.

డాక్టరు గారి గదిలో మొదటి రెండు నిమిషాలు వాళ్లనే మాట్లాడనివ్వండి. మీ జవాబు నాలుక చివర ఉంటుంది, నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి. తర్వాత మీరు చూసింది మీరు చెప్పండి. ఫిట్ వచ్చినప్పుడు ఏం జరిగిందో పిల్లలకు తెలియదు, మీకే తెలుస్తుంది. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. రెండు వైపుల మాటా కావాలి.

"మాత్ర వేసుకున్నావా?" అని అడిగినన్నిసార్లు "వేసుకుంటే ఎలా ఉంటోంది?" అని కూడా అడగండి. నిజం చెప్పినప్పుడు తిట్టకండి. కానీ ఏ మందూ డాక్టరుకు చెప్పకుండా మీరుగా ఆపకండి. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది.

స్కూలుకు చెప్పండి. క్లాస్ టీచరుకు, ప్రిన్సిపల్ గారికి తెలిస్తే చాలు. క్లాసులో ఎవరికి చెప్పాలో మీ పిల్లలనే అడుగుదాం.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, ఉల్లిపాయ వాసన చూపించకండి, నోట్లో చెంచాగానీ నీళ్లుగానీ పెట్టకండి. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకండి. చుట్టూ గట్టి వస్తువులుంటే జరపండి, తల కింద మెత్తటిది పెట్టండి, అదురు తగ్గాక ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

చివరగా ఒక మాట. పరీక్షల రోజులు దగ్గర పడుతున్నాయి. పిల్లల్ని చదివించాల్సిన టీచర్‌నే చెబుతున్నాను, రాత్రి వాళ్లను వేళకు పడుకోనివ్వండి. ఏ ఇంట్లో ఏ పిల్లకు పొద్దున్నే పాలగ్లాసు ఒలికిపోతోందో మనకు తెలియదు. ఒలికితే "చూసుకోవా?" అనే ముందు, "ఏమైందమ్మా?" అని ఒక్కసారి అడగండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక, ఇలాంటివేమైనా చెప్పాలనుకుంటే నేను స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను. మీ అమ్మాయినో అబ్బాయినో వెంటబెట్టుకుని రండి.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీష్ మిస్